అక్క పుట్టినరోజుకి రెండు మూరలు

దయ్యాల కథలంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం లేదు. విసుగే. మా పిన్ని కూతుళ్ళు దుప్పట్లో దూరి గుసగుసగా చెప్పుకుంటుంటే నేను మధ్యలో తల దూర్చి, "గోడలోంచి రాగలిగిన దయ్యం తలుపెందుకు కొట్టిందే?" అని అడిగేదాన్ని. కథ అక్కడితో ఆగిపోయేది. నన్ను గదిలోంచి తరిమేసేవాళ్ళు.

పెద్దయ్యాక దొరికిన ఉద్యోగమూ అందుకు తగ్గదే. అమెరికాలో, న్యూజెర్సీలోని పార్సిప్పనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరో కష్టపడి రాసిన ప్రోగ్రామ్‌లో లోపం ఎక్కడుందా అని వెతకడం. జీతమిచ్చి మరీ నన్ను అనుమానించమంటారు. ఇంట్లో కూడా ఆ బుద్ధి పోదు. మా ఆయన పాలు తెచ్చానంటే ఫ్రిజ్ తెరిచి చూసిగానీ నమ్మను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసేది చదివి "పాపం, ఈవిడ ఏది చెప్పినా నమ్మే రకం" అని ఎవరూ అనుకోకూడదని. నేను దయ్యాల్ని నమ్మలేదు. జరిగింది మాత్రం జరిగింది. ఊరి పేరు రాయను, పూలకొట్టు ఆవిడ పేరు మార్చాను. మిగతాదంతా ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

మా అక్క పిల్లల డాక్టరు. అయోవాలో ఒక చిన్న ఊళ్ళో ఉంటుంది. ఊరు చివర నిలబడి ఎటు చూసినా మొక్కజొన్న, సోయా చేలే కనిపిస్తాయి. డాక్టర్లు దొరకని ఊళ్ళో కొన్నేళ్ళు పనిచేస్తే వీసా చిక్కులు తీరతాయని వెళ్ళింది. అవి తీరాక మా దగ్గరికి న్యూజెర్సీ వచ్చేస్తుందని నేను ఆశగా ఎదురుచూశాను. రాలేదు. తను టీకాలు వేసిన పిల్లలు పెద్దవాళ్ళై వాళ్ళ పిల్లల్ని ఎత్తుకొచ్చారు. ఇక అక్కడే ఉండిపోయింది.

బావగారిది కడియపులంక. అక్కడ పూలే పంట, పూలే వ్యాపారం. వాళ్ళ నాన్నగారికి పూల మార్కెట్లో కొట్టుండేది. బావగారు లెక్కల్లో పెద్ద చదువు చదివి, అయోవాలో అక్క ఉన్న ఊరి కాలేజీలోనే పాఠాలు చెప్పేవారు. కానీ పూలు కట్టడం ఆయన చేతిలోంచి పోలేదు. అంత పొడుగు మనిషి నేలమీద చతికిలబడి, కాలి బొటనవేలికి దారం తగిలించుకుని టకటకా పూలు కట్టేస్తుంటే చూడ్డానికి భలే ఉండేది. నేను ఊరుకునేదాన్ని కాదు. "మూర ఎంతండీ మాస్టారూ?" అని వెక్కిరించేదాన్ని. "మరదలికైతే కొసరు కూడా వేస్తాం, రామ్మా" అనేవారు తల ఎత్తకుండానే.

అక్క పుట్టినరోజు అక్టోబరులో. ప్రతి ఏడాదీ ఆ రోజు బావగారు ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క పూలకొట్టుకి వెళ్ళి చిట్టి చామంతులు తెచ్చేవారు. అక్కడ వాటిని బటన్ మమ్స్ అంటారు. ఇంటికొచ్చి కాడలు తుంచి, దారం తడిపి, మాల కట్టేవారు. సరిగ్గా రెండు మూరలు. కొలిచేది తన చేత్తోనే. పూలమ్మే వాళ్ళ చేతులు ఎప్పుడూ పొట్టిగానే ఉంటాయని మనం గొణుక్కుంటాం కదా, ఈయన మూర అలా కాదు, చాలా ధారాళం. అక్క ఆ మాల జడలో పెట్టుకుని, దాని మీదే తెల్లకోటు వేసుకుని క్లినిక్‌కి వెళ్ళేది.

ఒక్క విషయం ఇక్కడే చెప్పాలి. కొట్టువాళ్ళ దగ్గర ఆయన కొనేది విడిపూలే. వాటితో ఇంట్లో ఏం చేస్తారో కొట్టువాళ్ళకి తెలియదు. క్లినిక్‌లో వాళ్ళు జడలో పూలు చూసేవాళ్ళు, అంతే. ఆ మాల ఎవరు కడతారో, ఎంత కొలుస్తారో తెలిసింది అక్కకి, నాకు, మా ఆయనకి.

ఒక జనవరి ఉదయం ఇంటి ముందు మంచు తోస్తూ బావగారు పడిపోయారు. అక్క లోపల టీ పెడుతోంది. కిటికీలోంచి చూసి చెప్పుల్లేకుండా పరిగెత్తింది. అంబులెన్స్ వచ్చేదాకా ఆ మంచులో మోకాళ్ళ మీద కూర్చుని ఆయన గుండె నొక్కుతూనే ఉంది. ఎందరి పిల్లల్నో బతికించిన చేతులు అవి. ఆయన్ని బతికించుకోలేకపోయింది.

వాళ్ళకి పిల్లల్లేరు. మా అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు. నాకు అక్క, అక్కకి నేను. నేను వెళ్ళి ఉన్నన్ని రోజులు ఉన్నాను. మాతో వచ్చెయ్యమని బతిమాలాను, తిట్టాను. "ఇక్కడే ఉంటానే బుజ్జీ" అని తప్ప వేరే మాట లేదు. నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే, ఆవిడ ఏడవలేదు. వచ్చినవాళ్ళందరికీ కాఫీ ఇచ్చింది. నేను ఏడిస్తే నా వీపు నిమిరింది.

తర్వాత ఫోన్లే. తిన్నావా అంటే తిన్నాను, పడుకున్నావా అంటే పడుకున్నాను. వేసవి వచ్చేసరికి క్లినిక్ మానేసిందని వేరేవాళ్ళ ద్వారా తెలిసి ఉన్నపళాన ఫ్లైట్ ఎక్కాను. వెళ్ళి చూద్దును కదా, ఫ్రిజ్‌లో పాలు తప్ప ఏమీ లేవు. చీర కుచ్చిళ్ళు నిలవనంతగా చిక్కిపోయింది. అక్కకి బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. మాత్రల సీసాలు మూత కూడా తీయకుండా అలాగే ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండింది. డాక్టరువి, నీకు ఒకరు చెప్పాలా అని గట్టిగా అరిచాను. అక్క కోప్పడలేదు. నా మొహంలోకి చూసి, "ఎందుకే వేసుకోవడం?" అంది. వాదనకి అన్నట్టు లేదు. నిజంగా తెలియక అడిగినట్టుంది. 

ఏదో చేసుకుంటుందని కాదు నా భయం. ఏమీ చేయకుండా అలా కూర్చునే పోతుందని. సెలవులు అయిపోయి తిరిగొచ్చాక రోజూ ఫోన్‌లో మాత్ర వేసుకున్నావా అని అడిగేదాన్ని. వేసుకున్నాను అనేది. అబద్ధమని గొంతులోనే తెలిసిపోయేది.

అలా అక్టోబరు వచ్చింది. ఆఫీసులో సెలవు దొరకలేదు. పూలైనా పంపుదామనుకున్నాను. ఆ ఊరి పూలకొట్టుకే ఫోన్ చేశాను. ఎత్తినావిడ పేరు షెరిల్ అనుకుందాం. కూరగాయలు బేరమాడే మన పెద్దమ్మల గొంతులాంటి గొంతు, కాస్త బొంగురుగా. గులాబీలు, తెల్ల లిల్లీలు గాజు కూజాలో పెట్టి పంపమన్నాను. చామంతులు మాత్రం ఒక్కటి కూడా వద్దని ప్రత్యేకంగా చెప్పాను. ఆ పూలు చూస్తే అక్క ఏమైపోతుందో అని నా బెంగ. కార్డు మీద హ్యాపీ బర్త్‌డే అక్కా అని రాయమని, ఒక్కో అక్షరం చెప్పాను. అక్కా అంటే పేరా అని అడిగింది. ఎల్డర్ సిస్టర్ అని చెప్పాను. "ఎంత బావుంది, హనీ" అంది.

పుట్టినరోజు మధ్యాహ్నం ఫోన్ చేస్తే అక్క ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఆఫీసులో ఏ పని మీదా మనసు నిలవలేదు. సాయంత్రం ఇండియన్ స్టోర్ ముందు కారు ఆపుతుంటే తనే చేసింది.

"ఒసే బుజ్జీ, ఆ తెల్లవాళ్ళకి మూర అంటే ఏంటో ఎలా చెప్పావే?"

అది మా పాత అక్క గొంతు. జనవరి తర్వాత ఆ గొంతు నేను వినలేదు. నవ్వుతోంది కూడా. నేను ఏ మూర అన్నాను. ఫోటో పంపింది.

తెల్ల అట్టపెట్టెలో పసుపూ తెలుపూ చిట్టి చామంతుల మాల. కాడల్లేవు. మధ్యమధ్యలో మరువం బదులు రోజ్‌మేరీ రెమ్మలు. కట్టడం వచ్చినవాళ్ళు కట్టిన మాల కాదు, ముళ్ళు వంకరటింకరగా ఉన్నాయి, కానీ మాలే. కూజా లేదు, లిల్లీలు లేవు, గులాబీలు లేవు. పక్కన నేను చెప్పిన కార్డు, నేను చెప్పిన మాటలతోనే ఉంది.

కొట్టువాళ్ళు ఏదో పొరపాటు చేశారక్కా అనబోయాను. ఈలోగా అక్కే అంది.

"నువ్వు కాదు కదా."

అడగడం కాదు అది. తనకి తెలిసిందే చెబుతోంది.

"కొలిచి చూశానే. నా చేతికి రెండు మూరలు పోను ఇంకా జానెడు మిగిలింది. ఇది మీ బావగారి మూర."



"జడలో పెట్టుకున్నాను. ఎవరేమనుకుంటారు అనకు, ఎవరున్నారిక్కడ అనుకోడానికి. అన్నం కూడా వండుకున్నాను. మాత్ర వేసుకున్నాను" అంది. ఈసారి అది అబద్ధం కాదని తెలిసింది. నేను కారు దిగకుండా అక్కడే కూర్చుండిపోయాను. కొనాల్సినవేవీ కొనకుండానే ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున కొట్టు తెరవగానే షెరిల్‌కి ఫోన్ చేశాను. నేను కోప్పడటానికి చేశాననుకుని ఆవిడ ముందే సంజాయిషీ మొదలుపెట్టింది. మీరు ఆర్డర్ ఇచ్చిన మర్నాడు మీవాళ్ళే ఒకాయన ఫోన్ చేసి మార్చమన్నారు కదా, ఆయన చెప్పినట్టే చేశాం, ముళ్ళు సరిగా పడలేదని తెలుసు, ఇలాంటిది మేమెప్పుడూ కట్టలేదు అంది.

ఎవరాయన అని అడిగాను. పేరు అడగలేదంది. కొట్టులో ఉన్నది పాతకాలం ఫోన్, ఏ నంబరు నుంచి వచ్చిందో కనిపించదంది. మర్యాదస్తుడు, ఇండియన్ యాస, కాస్త వయసు మనిషి గొంతు. "మా మరదలు ఒక ఆర్డర్ ఇచ్చింది, దాన్ని కొంచెం మార్చాలి" అన్నాడట. ఇంగ్లీషులో సిస్టర్ ఇన్ లా అన్నాడు. అక్క పేరు, వీధి పేరు చెప్పాడు. కూజా వద్దు, కాడలు వద్దు, బటన్ మమ్స్ దారానికి కట్టి ఇవ్వండి, రెండు మూరలు అన్నాడట. మూర అంటే ఏమిటని షెరిల్ అడిగింది. మోచేతి నుంచి వేలి చివరి దాకా అని చెప్పి, నవ్వి, పొట్టి చేతులతో కొలవకండి, ఎవరైనా పొడుగు మనిషిని పిలిచి కొలిపించండి అన్నాడట. షెరిల్ భర్త తాటిచెట్టంత మనిషి, కొట్టు బండి ఆయనే నడుపుతాడు. ఆయన చేయి చాపితే ఆవిడ కొలిచింది.

మాల పొడుగు లెక్క అక్కడ తేలిపోయింది. నాకు కొంచెం ఊపిరి ఆడింది. ఇంకా ఏమన్నారు అని అడిగాను.

దారం తడపమన్నాడు అంది. పొడి దారంతో కడితే పువ్వు మెడ తెగిపోతుంది అన్నాడట. ఆ మాట ఎంత వింతగా ఉందో అని షెరిల్ నవ్వింది. పువ్వుకి మెడ ఉంటుందని ఇన్నేళ్ళుగా పూలమ్ముతున్నా నాకే తెలియదు హనీ అంది.

నేను నవ్వలేకపోయాను. అది బావగారి మాట. నేను మాల కట్టడం నేర్చుకుంటానని కూర్చుని పువ్వులు తెంపేసిన ప్రతిసారీ, "దారం తడుపు మరదలా, పువ్వు మెడ తెగిపోతోంది" అనేవారు. వేరే ఎవరి నోటా నేనా మాట వినలేదు.

ఆ తర్వాత నాకు పట్టుదల వచ్చింది. ఎవరో ఆట పట్టించారు, వాళ్ళెవరో పట్టుకోవాలి, దొరికితే దులిపెయ్యాలి అనుకున్నాను. ముందు అనుమానం మా ఆయన మీదే. ఆ వారం ఆయన హైదరాబాదులో ఉన్నారు, మామగారికి కంటి ఆపరేషన్. అక్కడి నుంచి చేశారా అంటే మా అబ్బాయి మీద ఒట్టేశారు. అయినా ఆయనైతే మరదలు ఆర్డర్ ఇచ్చిందని ఎందుకంటారు? మా ఆవిడ అంటారు. నన్ను మరదలా అని పిలిచే మనిషి ఈ భూమ్మీద బావగారు ఒక్కరే.

ఆ ఊళ్ళో అక్కావాళ్ళు తప్ప వేరే తెలుగువాళ్ళు లేరు. మోటెల్ నడిపే గుజరాతీ దంపతులున్నారు. మంచివాళ్ళు, బావగారు పోయినప్పుడు వారం రోజులు భోజనం పంపారు. ఆ మోటెల్ ఆయనకి ఫోన్ చేసి మాటల్లో పెట్టి మూర అన్న మాట తెలుసా అని అడిగాను. కూరా అన్నాడు. ఆయన్ని వదిలేశాను.

షెరిల్ ఆ కొట్టు కొనుక్కున్నది బావగారు పోయాకే. అంతకుముందు వేరే ఊళ్ళో పూలమ్మేది. బావగారిని చూడనేలేదు. పాత యజమానురాలు కూతురి దగ్గరికి అరిజోనా వెళ్ళిపోయింది. షెరిల్ ద్వారా ఆవిడతో కూడా మాట్లాడాను. పొడుగాటి ప్రొఫెసర్ గుర్తున్నాడంది, అక్టోబరులో వచ్చేవాడు, ఆ పూలు కూజాలో పెట్టుకుంటారనే ఇన్నాళ్ళూ అనుకున్నానంది.

కాలేజీలో బావగారి స్నేహితులెవరికైనా ఆయన మాల సంగతి చెప్పి ఉండొచ్చు. కాదనను. కానీ నేను ఆర్డర్ ఇచ్చిన సంగతి వాళ్ళకెలా తెలుస్తుంది? నేను చెప్పింది మా ఆయన ఒక్కరికే.

చివరికి సిగ్గు విడిచి ఇంకో పని చేశాను. బావగారి ఫోన్ నా దగ్గరే ఉంది, ఆయన అకౌంట్లవీ మూయించడానికి అక్క ఇచ్చింది. లైను ఎప్పుడో తీసేశారు. అయినా సొరుగు లాగి చూశాను. ఛార్జ్ లేక చచ్చి పడుంది. నన్ను చూసి నాకే నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

అక్క మాత్రం ఎలా జరిగిందని ఒక్కసారి కూడా అడగలేదు. షెరిల్ చెప్పినదేదీ నేను చెప్పలేదు. తన మానాన తను బాగుపడటం మొదలుపెట్టింది. క్లినిక్‌కి మళ్ళీ వెళ్ళసాగింది. మొహంలో కళ వచ్చింది. వసంతంలో మా ఇంటికొచ్చి కొన్నాళ్ళుంది. మన కొట్లన్నీ ఉండే ఐసెలిన్ తీసుకెళ్తే చీరలు చూసి, దోసె తిని, చట్నీలో పసలేదని వంక పెట్టింది. అక్క వంకలు పెడుతోందంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

తిరిగి వస్తుంటే కార్లో అంది, "ఈసారి నా పుట్టినరోజు శనివారం వచ్చిందే. క్లినిక్ ఉండదు. పొద్దున్నుంచీ ఇంట్లోనే ఉంటాను."

నేను డ్రైవ్ చేస్తున్నాను కాబట్టి నా మొహం తనకి కనిపించలేదు. అప్పుడర్థమైంది నాకు. ఆవిడ మాత్రలు వేసుకుంటున్నది, అన్నం తింటున్నది, క్లినిక్‌కి వెళుతున్నది, అన్నీ అక్టోబరు కోసం. ఆ రోజు పెట్టె రాకపోతే ఏమవుతుంది?

ఆ ఎండాకాలమంతా నాకు నిద్ర సరిగా లేదు. మా ఆయన దీన్ని ఇట్టే తేల్చేశారు. "దానిదేముంది, మనమే చేద్దాం. అదే కొట్టు, అదే మాల. కావాలంటే నేను మాట్లాడతాను. మీ అక్కకేం తెలుస్తుంది?" అన్నారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, అక్కంటే ఆయనకీ ప్రేమే. నాకూ సబబుగానే తోచింది. అక్టోబరు మొదట్లో షెరిల్‌కి ఫోన్ చేశాను.

నా గొంతు గుర్తుపట్టింది. "పోయినేడు పంపినట్టేనా, హనీ? రెండు మూరలా?" అని అడిగింది. మూర అనే మాట ఆవిడ నోట్లో మోరా అయింది.

అవును అంటే చాలు, అయిపోయేది. అనలేకపోయాను. ఒకసారి అంటే ఇక ప్రతి అక్టోబరూ నేనే బావగారిని కావాలి. అది ఒక కారణం. పైకి చెప్పుకున్న కారణం. అసలు కారణం వేరు. ఆయన మళ్ళీ ఫోన్ చేస్తారేమో చూడాలని నాకే ఉంది. గోడలోంచి వచ్చే దయ్యం తలుపెందుకు కొట్టిందని అడిగిన నేను, తలుపు చప్పుడు కోసం ఎదురుచూస్తున్నాను.

గులాబీలు, లిల్లీలు, గాజు కూజా అన్నాను. ఒక్క మాట తేడా లేకుండా మొదటిసారి ఇచ్చిన ఆర్డరే ఇచ్చాను. చివర్లో ఒక్కటి మాత్రం అదనంగా చెప్పాను. ఎవరైనా ఫోన్ చేసి మార్చమంటే, ఏమీ అడక్కుండా వాళ్ళు చెప్పినట్టు చేయండి అన్నాను.

ఎందుకలా అని షెరిల్ అడిగింది. అప్పుడు చెప్పాను ఆవిడకి, మా బావగారు పోయిన సంగతి, ఎప్పుడు పోయారన్న సంగతి. భయపడుతుందేమో అనుకున్నాను. భయపడలేదు. "సరే. ఫోన్ పక్కనే ఉంటాను" అంది.

ఆ శనివారం నేను అక్క దగ్గరికి వెళ్తానన్నాను. వద్దంది. ఆ రోజు తనొక్కతే ఉంటానంది. ఎందుకో అడగలేదు, తెలుసు కనుక. ఇంట్లో కూర్చుని, అక్కర్లేని అలమారలన్నీ సర్దాను. మా ఆయన రెండుసార్లు టీ పెట్టిచ్చారు. రెండూ చల్లారిపోయాయి.

మధ్యాహ్నం దాటాక షెరిల్ ఫోన్ చేసింది. 

ఎవరూ చేయలేదు హనీ అంది. "పొద్దున్నే పంపాల్సింది, నేనే ఆపాను, ఎంత ఆపగలిగితే అంత ఆపాను, మా ఆయన బండి ఎక్కి కూర్చున్నాడు, ఏం చేయమంటారు?" అని అడిగింది. ఆవిడ గొంతు కూడా బాగోలేదు. చిట్టి చామంతులు ఒక బుట్టలో విడిగా తీసి పెట్టుకుందట, ఎందుకైనా మంచిదని.

పంపెయ్యండి అన్నాను.

అక్క ఫోన్ చేసేసరికి ఇక్కడ దీపాలు పెట్టే వేళయింది. ఎత్తాను. 

"అక్కా? పూలు వచ్చాయా?"

"వచ్చాయే."

"ఏమొచ్చాయి?"

"నీవే వచ్చాయి."

నీవే అన్న ఆ ఒక్క మాట అనడానికి ఆవిడకి ఎంత కష్టమైందో నాకు వినిపించింది. ఆ తర్వాత ఏడుపు మొదలైంది. జనవరి మంచులో రాని ఏడుపు, కాఫీలు ఇస్తూ మింగిన ఏడుపు, అంతా ఒక్కసారిగా వచ్చింది. అంత పెద్ద మనిషి, అంతమంది పిల్లల్ని ఓదార్చిన మనిషి, వెక్కివెక్కి ఏడ్చింది. నేను ఫోన్ పట్టుకుని వంటింట్లో నేలమీద కూర్చున్నాను.  నేనూ ఏడ్చాను.

"ఆయన లేరే బుజ్జీ" అంది. "మీ బావగారు లేరే."

ఆ మాట అక్క నోటి నుంచి రావడం అదే మొదటిసారి.

ఎప్పటికో మొహం కడుక్కొచ్చి మళ్ళీ మాట్లాడింది. అప్పటిదాకా ఆ ఇంట్లో బావగారి ఫోటో గోడకి లేదు. ఫోటో పెడితే దానికి దండ వెయ్యాలి, దండ వేస్తే ఆయన పోయినట్టు, అందుకని పెట్టనివ్వలేదు, నన్ను కూడా. ఆ సాయంత్రం నేను పంపిన కూజాలోంచి గులాబీలు తీసి, కాడలు కత్తిరించి, నేలమీద కూర్చుని దండ కట్టిందట. హాల్లో మేకు కొట్టిందట. ఆ రెండు పనులూ ఆ ఇంట్లో ఎప్పుడూ ఆయనే చేసేవారు.

"బానే కుదిరిందే. కొంచెం వంకరగా ఉంది. రేపు సరిచేస్తాను" అంది.

అక్క బాగానే ఉంది ఇప్పుడు. అదే ఊళ్ళో, అదే క్లినిక్‌లో. మాత్రలు వేసుకుంటోంది, అడక్కుండానే చెబుతోంది. నేను ప్రతి అక్టోబరులోనూ పూలు పంపుతాను, నా పేరుతో. షెరిల్ ఇంకేమీ అడగదు. అక్క వాటిలోంచి గులాబీలు తీసి ఫోటోకి వేస్తుంది, మిగతావి కూజాలో ఉంచుకుంటుంది.

ఆ మొదటి ఏడాది ఆ కొట్టుకి ఫోన్ చేసిన మనిషెవరో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసిన దారులన్నీ వెతికాను, ఎక్కడా దొరకలేదు. మా ఆయన దగ్గర ఇప్పటికీ ఒకటి రెండు ఊహలున్నాయి, అవి నిలవవని ఆయనకీ తెలుసు. దయ్యాలున్నాయా అని మా అబ్బాయి అడిగితే లేవనే చెబుతాను. అలా చెప్పాక కాసేపు నా మీద నాకే నమ్మకం ఉండదు.

కానీ నన్ను తొలిచేది ఆ ఫోన్ కాదు. అది ఎవరు చేసినా, ఎలా చేసినా, మా అక్క దానివల్లే బతికింది. వాళ్ళకి దణ్ణం పెడతాను. నాకు అంతుపట్టనిది రెండో ఏడాది. మాల జడలో పెట్టుకోవాలని ఆవిడ ఆ శనివారం పొద్దున్నే తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుందట. ఈ సంగతి నాకు చాలా రోజుల తర్వాత చెప్పింది.

ఒక్క ఫోన్ చేసి ఉండాల్సింది బావగారూ.